ఆగిపోయిన తొమ్మిది ఫోన్లు

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు నేను మైపాడు గెస్ట్‌హౌస్ మెట్లెక్కుతున్నాను. నాలుగింటికల్లా తేల్చకపోతే పైగదిలో కూర్చున్న అమ్మాయి మీద పోలీసు కేసు పడుతుంది. అయిదింటికి చెన్నైలో ఒక సంతకం జరుగుతుంది. ఈ రెండూ తప్ప ఈ కేసులో నాకు స్పష్టంగా తెలిసిందేమీ లేదు. పొద్దున ఎవాంజెలిన్ గారు ఫోన్లో చెప్పినదంతా కాగితం మీద రాసుకుని మూడుసార్లు చదివాను. మూడోసారి మొదటిసారికంటే తక్కువ అర్థమైంది.

ఎవాంజెలిన్ గారు మిణుగురు మొబైల్స్‌కి డైరెక్టరు. ఆ కంపెనీ తన ఫోన్లు తాను తయారుచెయ్యదు. డిజైన్ తను గీసి, బయటి ఫ్యాక్టరీలకిచ్చి చేయించుకుంటుంది. ఇప్పుడు 'మిణుగురు-6' రావాలి, వాళ్ళ ఫోన్లన్నింటిలోకీ పెద్దది. ఇంతవరకూ అయిదు మోడళ్ళూ వజ్రకూట్ అనే ఫ్యాక్టరీయే చేసింది. ఈసారి సాగరిక అనే కొత్త ఫ్యాక్టరీ పోటీకొచ్చింది. ఎవరికివ్వాలో తేలక, ఇద్దరికీ ఒకే డిజైన్ ఇచ్చి తలా పది ఫోన్లు చేయించారు. మొత్తం ఇరవై. చూడ్డానికి అన్నీ ఒకటే, వీపు మీద ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లు మాత్రం ఉన్నాయి. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం సీలు కవర్లో పెట్టి ఎవాంజెలిన్ గారు తన లాకర్లో దాచుకున్నారు.

ఆ ఇరవై ఫోన్లనూ మైపాడులో ఇరవైమంది జాలర్లకిచ్చి నెలరోజులు వాడమన్నారు. ఉప్పుగాలికీ తడిచేతులకీ నెల తట్టుకున్న ఫోన్ ఎక్కడైనా బతుకుతుందని వాళ్ళ లెక్క. ఇరవై ఏడు రోజులు ఏ గొడవా లేదు. మంగళవారం పొద్దున ఆరూ పదికీ ఆరూ ఇరవై అయిదుకీ మధ్య తొమ్మిది ఫోన్లు ఆగిపోయాయి. కవరు విప్పి చూస్తే తొమ్మిదీ సాగరికవే. వజ్రకూట్‌వి పదికి పదీ బతికున్నాయి. ఈరోజు గురువారం, ముప్పయ్యో రోజు.

నా పేరు పెంచలకృష్ణ. నెల్లూరులో ప్రైవేటు డిటెక్టివ్‌ని. అంతకుముందు ఇరవై ఏళ్ళు పడవల ఇన్సూరెన్సు సర్వేయర్‌ని. మునిగిన పడవ దానంతటదే మునిగిందా, ఎవరైనా ముంచారా అని తేల్చడం నా పని. ఫోన్ల గురించి నాకు తెలిసింది పచ్చబొమ్మ నొక్కితే మాట్లాడవచ్చనీ, ఎర్రబొమ్మ నొక్కితే ఊపిరి పీల్చుకోవచ్చనీ. అది ఎవాంజెలిన్ గారికి ముందే చెప్పాను. అందుకే మిమ్మల్ని పిలిచాను, ఫోన్లు తెలిసినవాళ్ళు ఇప్పటికే తలా ఒకటి చెబుతున్నారు అన్నారావిడ.

గదిలో ఇద్దరున్నారు. కిటికీ పక్కన కుర్చీలో సుప్రియ. ఇరవై ఆరేళ్ళుంటాయి, ఈ పరీక్ష నడిపిన ఇంజనీరు. రెండు రాత్రులుగా నిద్రలేని కళ్ళు. గోడకానుకుని నిలబడ్డవాడు కిషోర్, చెన్నై నుంచి దిగిన కంపెనీ విజిలెన్స్ ఆఫీసరు. ఈ గాలిలో కూడా చొక్కా ఇస్త్రీ చెక్కుచెదరలేదు. అలాంటివాళ్ళంటే నాకు మొదటినుంచీ పడదు.

"పెంచలకృష్ణ గారూ, మీరు పడవల స్పెషలిస్టు అని విన్నాను" అన్నాడు నవ్వుతూ. "ఇక్కడ మునిగిన పడవేం లేదు. కంప్లయింట్ టైపు చేసి ఉంచాను. నాలుగింటికి స్టేషన్లో ఇస్తాను."

"ఇంకా రెండు గంటల యాభై నిమిషాల టైముంది గదా. అందాకా కూర్చోండి" అని, కుర్చీ లాక్కుని సుప్రియ ఎదురుగా కూర్చున్నాను. "సోమవారం సాయంత్రం నుంచి చెప్పమ్మా."

"సోమవారం సాయంత్రం ఇరవై ఫోన్లూ నా దగ్గరకొచ్చినాయి సార్. వారానికోసారి లోపల రికార్డయినవి కాపీ చేసుకుంటాను. మంగళవారం పొద్దున అయిదింటికి ముసలమ్మ గారొచ్చి తీసుకెళ్ళింది."

"ముసలమ్మ ఎవరు?"

"నాలుగు పడవలకీ పెద్ద చిన్నపోలయ్య గారు. ఆయన తల్లి. చేపలబుట్టలో వేసుకుని పోయింది. అందరికీ నేనే ఇస్తాలేమ్మా అన్నది. సంతకం పెట్టించుకోలేదు, అదే నేను చేసిన తప్పు."

"పెట్టించుకోలేదు ఎందుకంటే ఆవిడ రానేలేదు" అన్నాడు కిషోర్. "నేను స్వయంగా వెళ్ళి అడిగాను. మంగళవారం నేను గెస్ట్‌హౌస్ ఛాయలక్కూడా పోలేదు అంది. నా దగ్గర వీడియో ఉంది. ఆలోచించండి సార్. ఫోన్లు నాలుగు పడవల్లో, సముద్రం మీద తలో దిక్కున ఉండాలి. అలాంటివి తొమ్మిది, పదిహేను నిమిషాల్లో వరసగా పోతాయా? ఒకేచోట ఉంటేనే అలా పోతాయి. ఆ చోటు ఈ గది. వజ్రకూట్‌వాళ్ళు ఈవిడని కొనేశారు. ఈవిడ సాగరిక ఫోన్లని ఏరి నీళ్ళలో ముంచింది."

"ఏ నంబరు సాగరికదో అప్పటికి నాకు తెలియదు. కవరు చెన్నైలో ఉంది" అంది సుప్రియ.

"వజ్రకూట్‌వాళ్ళు తమ నంబర్లేవో చెప్పి ఉండొచ్చు."

"వాళ్ళకీ తెలియదు. నంబర్లు అతికించింది ఎవాంజెలిన్ మేడం."

నాకు ఇంకో సంగతి తట్టింది. "ఫోన్లు ఆగిన టైము కనిపెట్టిందెవరు?"

"నేనే సార్. ఆగేముందు టైము లోపల రాసుకుంటాయి. మంగళవారం సాయంత్రం ఆగినవి నా దగ్గరికొస్తే చదివి ఆ రాత్రే మేడానికి పంపినాను. పొద్దునకల్లా కిషోర్ గారొచ్చి ఆగినవన్నీ సీలు చేసినారు. ఒక్కటి కూడా విప్పి చూసుకోనియ్యలేదు."

ముంచినవాళ్ళు మునిగిన టైము తామే రాసి పంపుతారా? నా సర్వీసులో అలాంటివాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. ఈ అమ్మాయి నిజం చెబుతోందనిపించింది. కానీ ఆ ముసలావిడ అబద్ధం ఎందుకు చెప్పాలి? ఫోన్ల ఫ్యాక్టరీలతో ఆవిడకేం పని? తల గోక్కున్నాను.

"ఆ టైములో అవి ఎక్కడున్నాయో ఫోన్లోనే ఉండదా? మా ఇంటి వీధి కుక్క ఎక్కడుందో కూడా చెబుతాయంటారే ఇవి."

"లొకేషన్ ఆపేసినాం సార్. చేపలు పడే తావు పక్కపడవకే చెప్పం, మీ కంపెనీకి చెప్తామా అన్నారు. ఆపితేనే ఫోన్లు ముట్టుకుంటామన్నారు."

"సరే. మంగళవారం బుట్టలో ఇరవై పోయినాయి."

"బుట్టలో పంతొమ్మిది. పదహారో నంబరు విడిగా ఇమ్మంది. అదొక్కటీ తను ముట్టుకోలేదు. నన్నే ప్లాస్టిక్ కవర్లో వెయ్యమని, ఆ కవర్ని కొసన పట్టుకుని పోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు."

"కథలు" అన్నాడు కిషోర్.

నాకూ అర్థం కాలేదు. కానీ అబద్ధమాడేవాళ్ళు ఇలాంటి పనికిమాలిన వివరం కల్పించరు, కల్పిస్తే అందంగా కల్పిస్తారు. లేచి బల్ల దగ్గరకు వెళ్ళాను. అద్దంలాంటి పెట్టెలో తొమ్మిది ఫోన్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. పక్కనే విడి సంచిలో పదో ఫోను.

"అది పదహారు" అన్నాడు కిషోర్. "సాగరికవాటిలో బతికి బయటపడ్డది అదొక్కటే. నిన్న సుధాకర్ అనేవాడి దగ్గర స్వాధీనం చేసుకున్నాను. రిజిస్టరులో వాడి పేరు మీదే ఉంది."

"పెట్టె తెరవండి."

"ఎవిడెన్స్ సార్ అది."

"ఎవాంజెలిన్ గారికి ఫోన్ చెయ్యమంటారా?"

కిషోర్ పెట్టె తెరిచాడు. విప్పకూడదు, చూడ్డమే అని రెండుసార్లు చెప్పాడు. భూతద్దం తీసి ఒక్కోదాన్నీ అటూఇటూ తిప్పాను. గీతల్లేవు, పగుళ్ళు లేవు. ఛార్జింగ్ పెట్టే సందులో మాత్రం అంచున పసుపుపచ్చటి మరక. ఒకదానికి కాదు, తొమ్మిదింటికీ. పదహారో నంబరుకు లేదు.

"బ్యాటరీ కారింది" అన్నాడు కిషోర్. "నీళ్ళు పోతే అలాగే కారుతుంది."

"నేను చూసిన బ్యాటరీలు పచ్చగా కారవు" అంది సుప్రియ మెల్లగా.

నాకు ఆకూవక్కా అలవాటు. జేబులోంచి సున్నం డబ్బీ తీసి, అగ్గిపుల్ల కొసకి రవ్వంత సున్నం అంటించి, ఏడో నంబరు ఫోన్ మరక మీద రుద్దాను. కిషోర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమిటి చేస్తున్నారు? ఎవిడెన్స్ మీద సున్నం పూస్తారా? మిమ్మల్ని కూడా కంప్లయింట్లో రాస్తాను."

"రాయండి. పేరులో పెంచల తర్వాత కృష్ణ కలిపి రాయండి" అని అగ్గిపుల్ల వెలుతురులో పెట్టాను. కొస ఎర్రబడింది. పసుపూ సున్నం కలిస్తే ఏమవుతుందో పెళ్ళికూతురి పాదాలు చూసిన ప్రతివాడికీ తెలుసు. చెన్నై ఇస్త్రీ చొక్కాకి తెలియకపోవడం నాకు చాలా సంతోషాన్నిచ్చింది.

ఆ సంతోషం గది దాటేదాకా కూడా నిలవలేదు. పసుపు సముద్రంలో ఎక్కడిది? ఫోన్ని పసుపులో ముంచి చంపాలనుకునే కుట్రదారుడెవడు? ఉప్పునీళ్ళు పక్కనే ఉండగా వంటింటి డబ్బా ఎందుకు తీశాడు? ఈ ప్రశ్నలు వేసుకుంటూ ఒంటిగంటా యాభైకి మెట్లు దిగాను.

సుధాకర్ ఒడ్డున తాటాకు పాక కింద వల కుట్టుకుంటున్నాడు. పాతికేళ్ళవాడు. బొటనవేలికి దెబ్బ తగిలి రెండు రోజులుగా వేటకి పోలేదట. మిగతావాళ్ళు తెల్లారకముందే వెళ్ళారు, పొద్దుగూకితేగానీ రారు అన్నాడు.

"పదహారో నంబరు ఫోన్ నీదే గదా?"

"నాదేనన్నా. నిన్న ఆ మెడ్రాసు సారు లాక్కొని పోయినాడు."

"మీ ఇంట్లో ఈమధ్య పురుడొచ్చిందా?"

సుధాకర్ సూది ఆపి నా ముఖంలోకి చూశాడు. "నాకింకా పెళ్ళే కాలేదన్నా. ఏంది నువ్వడిగేది?"

నేను అనుకున్నది అక్కడ తిరగబడింది. మెట్లు దిగి వస్తుంటే దోవలో ఒక్క ఆలోచనే కాస్త అతుక్కున్నట్టు కనిపించింది. ముట్టుకోకుండా కవర్లో వేయించుకుని కొసన పట్టుకుపోయిందంటే అది మైల సంగతి అయి ఉండాలి. పురుడొచ్చిన ఇంటి వస్తువుని అలా పట్టుకుంటారు. పసుపుతో కలిపి చూస్తే ఏదో పూజ జరిగి ఉండాలి. కానీ పెళ్ళికాని సుధాకర్ ఫోనుకి మైల ఎలా అంటింది?

"ఈ పేటలో ఎవరింట్లో పురుడొచ్చింది?"

"ముత్యాలయ్యన్న పెళ్ళానికి. పోయిన శనివారం."

"సోమవారం పదహారో నంబరు ముత్యాలయ్య దగ్గరుందా?"

వాడు వల మీదికి వంగాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. వాడి చొక్కా జేబులో ఒక ఫోన్ ఉండటం అప్పుడు గమనించాను. నిన్న ఫోన్ లాక్కున్నారన్న మనిషి జేబులో మళ్ళీ మిణుగురు. వీపు మీద నాలుగు అని ఉంది.

"ఇదెవరిది?"

"ముసలమ్మవ్వని అడగన్నా. నేను చెప్పకూడదు."

రెండూ ఇరవై అయిదుకి ముసలమ్మ ఇంటి ముందున్నాను. డెబ్బైకి దగ్గరలో ఉంటుంది, గట్టిమనిషి. వాకిట్లో చేపలు ఎండబెడుతూ నన్ను చూసి, "ఇంకోడు వచ్చినాడే" అంది ఎవరితోనూ కాకుండా. కిషోర్ ఫోన్ల గురించి అడిగి ఓడిపోయాడు కాబట్టి నేను ఫోన్ మాట ఎత్తలేదు.

"ముత్యాలయ్యకి ఏం బిడ్డమ్మా?"

"ఆడబిడ్డ. తల్లీబిడ్డా బాగుండారు. నీకెందుకు సామీ?"

"మంగళవారానికి పురిటిమైల తీరలేదు గదా. అందుకే ఆ ఇంటి ఫోన్ తొట్టిలో వెయ్యలేదు నువ్వు."

తొట్టి అన్నది నేను గాలిలో విసిరిన మాట. వాకిలి మూల సిమెంటు తొట్టి ఒకటి కనిపించింది, దాని అంచు చుట్టూ పసుపుపచ్చటి చార ఉంది. ముసలమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"నాకేం తెలీదు. మంగళారం నేను యాడికీ పోలేదు."

"సరేనమ్మా. నాలుగింటికి ఆ సుప్రియని పోలీసులు తీసుకుపోతారు. నువ్వు రాలేదన్నావని, ఆ పిల్లే ఫోన్లు పాడుచేసిందని రాసుకున్నారు."

"ఆ బిడ్డనా? ఎందుకు?" ముసలమ్మ చేప కింద పెట్టింది. "నాకట్టా చెప్పలేదే ఆ అబ్బాయి. నువ్వు తీసుకున్నావా, నీ కొడుకు మీద కేసు పెడతా అన్నాడు. కొడుకు మీద అంటే ఏ తల్లి ఒప్పుకుంటాది?"

ఆ తర్వాత ఆవిడ ఆగలేదు. మొదటివారంలో ఏడో నంబరు ఫోన్ ఉన్న పడవకి చేపలు విపరీతంగా పడ్డాయి. ఏడు మాకంటే మాకని తగువులొచ్చాయి. చేపల్ని వాటాలేసి చీట్లతో పంచుకున్నట్టే ఫోన్లనూ పంచాలని చిన్నపోలయ్య తీర్పు చెప్పాడు. రోజూ పొద్దున్నే ఫోన్లన్నీ ముసలమ్మ బుట్టలో వేస్తారు. ఒక్కొక్కరూ ఒక గవ్వో పుల్లో గుర్తుగా ఇస్తారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్కో ఫోన్ మీద ఒక్కో గుర్తు పెడుతుంది. ఎవరి గుర్తు పడ్డది వాళ్ళకి. కంపెనీ రిజిస్టరులో ఎవరి పేరు ఎదురుగా ఏ నంబరు ఉందో వీళ్ళు రెండోవారంలోనే మర్చిపోయారు.

"పోయినవారం ఏడుకీ పడలేదు, ఎనిమిదికీ పడలేదు" అంది ముసలమ్మ. "వరసగా ఆరు దినాలు వట్టి వలలు. ఊరి కళ్ళన్నీ ఈ ఫోన్ల మీదే పడినాయి గదా అని మంగళారం దిష్టి తీసినా. తొట్టినిండా నీళ్ళు, పసుపు, నాలుగు గుప్పిళ్ళ కల్లుప్పు. పంతొమ్మిదీ అందులో ముంచి కర్పూరం ఎలిగించినా. తీసి చూస్తే తొమ్మిది లెయ్యలా. నా చేతుల్తోనే చంపినా. దిష్టి తీసింది బైటికి చెప్తే ఫలితం పోతాదని, పైగా కంపెనీవాళ్ళు మిగిలినవీ లాక్కుంటారని అందరం నోరు మూసుకున్యాం."

నేను గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేసి సుప్రియనీ కిషోర్‌నీ పిలిపించాను. రెండూ యాభైకి ముసలమ్మ అదంతా వాళ్ళ ముందు మళ్ళీ చెప్పింది. చెబుతూ సుప్రియ చెయ్యి పట్టుకుని, "నన్ను మన్నించు తల్లీ" అంది. సుప్రియ ఏడ్చేసింది. కిషోర్ తొట్టి దగ్గరికి వెళ్ళి, అంచు గీకి, నా దగ్గర సున్నం అడిగి తీసుకుని స్వయంగా రుద్ది చూశాడు. ఎర్రబడింది. ఆ తర్వాత జేబులోంచి కంప్లయింట్ కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. అంతవరకూ అతని మీదున్న చిరాకు నాకు కొంత తగ్గింది.

"ఒక రకంగా ఇది మంచి పరీక్షే" అన్నాడు. "అన్నీ ఒకే తొట్టిలో, ఒకే నీళ్ళలో ఉన్నాయి. సాగరికవి తొమ్మిదికి తొమ్మిదీ పోయాయి. వజ్రకూట్‌వి పదికి పదీ తట్టుకున్నాయి. మేడం అయిదింటికి నిశ్చింతగా సంతకం పెట్టొచ్చు. పది లక్షల ఫోన్లూ వజ్రకూట్‌కే."

నాకూ అదే సరిగ్గా కనిపించింది. కేసు తేలిందనుకున్నాను. గంట ముందే తేల్చానని కొంచెం గర్వపడ్డాను కూడా. సుప్రియ మాత్రం కళ్ళు తుడుచుకోవడం మధ్యలో ఆపేసింది.

"అవ్వా, ఎంతసేపు ఉండినాయి నీళ్ళలో?"

"మూడు కర్పూరం బిళ్ళలు ఆరిపోయిందాకా. అరగంట పైనే."

"అరగంటా పూర్తిగా మునిగే ఉండినాయా?"

"మునగకపోతే దిష్టెట్టా పోతాది?"

సుప్రియ నడుస్తున్న ఫోన్ ఒకటి కావాలంది. సుధాకర్‌ని కేకేస్తే వచ్చి నాలుగో నంబరు ఇచ్చాడు. ఆ అమ్మాయి ముసలమ్మ జాకెట్టుకున్న పిన్నీసు అడిగి, దాని మొనతో సిమ్ పెట్టే అర బయటికి లాగింది. లోపల మిరియపుగింజంత కాగితం ముక్క అతికించి ఉంది.

"ఇది తెల్లగా ఉండాల సార్. నీళ్ళు తగిలితేనే ఎర్రబడతాది."

ఎర్రగా ఉంది. దాని పక్కన పసుపు గార కట్టి ఉంది. నేను ఏమీ అర్థంకాక సుప్రియ ముఖం చూశాను. ఇది వజ్రకూట్ ఫోన్. తట్టుకున్న ఫోన్. దీని లోపలికి నీళ్ళెలా వెళ్ళాయి?

"అన్నింట్లోకీ వెళ్ళినాయి" అంది సుప్రియ. "నీళ్ళు ఆపాల్సిన మూత డిజైన్ మాదే, ఇద్దరికీ ఒకటే. తప్పు మూతలో ఉండాది. కానీ నీళ్ళు బ్యాటరీ దాకా పోతే ఫోన్ తనంతట తనే ఆగిపోవాలని ఇంకొకటి పెట్టినాం. నువ్వుగింజంత కటాఫ్. ఒకసారి ఆగితే మళ్ళీ లెయ్యకూడదు. లేస్తే తడిసిన బ్యాటరీ లోపల్లోపలే కాలిపోతాది. సాగరికవాళ్ళు ఆ గింజ పెట్టినారు. అందుకే తొమ్మిదీ ఆగినాయి. అవి చెడిపోలేదు సార్, వాటి పని అవి చేసినాయి."

"మరి ఇవి?"

"వజ్రకూట్‌వాళ్ళు పెట్టనే లేదు. పెట్టుంటే ఇది బతికుండకూడదు."

మూడు రోజులుగా అందరం తలకిందులుగా చదివామన్నమాట. ఆగిపోయినవి ఓడాయనుకున్నాం, నడుస్తున్నవి గెలిచాయనుకున్నాం. నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. వీపు కొంచెం ఉబ్బి ఉంది. వేడిగా ఉంది, ఎండలో పెట్టిన ఇత్తడి చెంబులా.

"పొద్దున చేతికొచ్చినప్పట్నుంచీ అట్టే ఉండాదన్నా" అన్నాడు సుధాకర్. "జేబులో పెట్టుకుంటే రొమ్ము చురుక్కుమంటా ఉండాది. ఎండకనుకున్యా."

సుప్రియ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని దూరంగా ఇసకలోకి విసిరేసింది. పడ్డప్పుడు ఏమీ కాలేదు. కిషోర్ ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే బుస్సుమని తెల్లటి పొగ లేచి, పొగలోంచి మంట వచ్చింది. పక్కన ఎండేసిన చేపలు నల్లబడ్డాయి. ఇసక పోసినా మంట ఆగడానికి చాలాసేపు పట్టింది.

నేను ఎవాంజెలిన్ గారికి ఫోన్ చేసి సంతకం పెట్టొద్దని ఒక్కమాటలో చెప్పి పెట్టేశాను. టైము మూడూ పన్నెండు.

"వజ్రకూట్‌వి ఇంకా తొమ్మిది ఉండాలి. ఎక్కడున్నాయి?" అన్నాడు కిషోర్.

సుధాకర్ సముద్రం వైపు చూపించాడు. పడవలు కనిపించడం లేదు. తొమ్మిదిమంది జేబుల్లో తొమ్మిది ఫోన్లు, ప్రతి పడవలోనూ ఇంజను పక్కన కిరసనాయిలు డబ్బాలు.

"వాళ్ళ సొంత ఫోన్లకి చెయ్యండి" అన్నాను.

"ఇంట్లో పెట్టి పోయినారు సార్. నెలరోజులూ ఈ ఫోనే వాడాలని మేమే రాయించుకున్యాం." సుప్రియ రెండు చేతులతో తల పట్టుకుంది. "వీటికే చెయ్యాల. మోగితే ఇంకా వేడెక్కుతాది. ఎత్తితే చెవి దగ్గర పెట్టుకుంటారు. చెయ్యకపోతే అదే జేబులో సాయంత్రందాకా ఉంటాది."

కిషోర్ అప్పటికే మెరైన్ పోలీసులతో మాట్లాడుతున్నాడు. పడవ బయల్దేరి వాళ్ళని వెతికి పట్టుకోవడానికి గంటన్నర అన్నారట. ఆ అమ్మాయి నా వైపు చూసింది. చెయ్యమంటారా వద్దా అన్నట్టు. ఇరవై ఏళ్ళు మునిగిపోయినవాటినే చూశాను నేను. మునగకముందు ఏం చెయ్యాలో నన్నెవరూ అడగలేదు. భయమేసింది, అంతే.

"చెయ్యి" అంది ముసలమ్మ. "నా కొడుకు దగ్గర ఏ నంబరుండాదో నాకు తెలీదు. పొద్దున కళ్ళు మూసుకునే పెట్టినా. ఏదోకటి చెయ్యి. ఎవురెత్తినా నాకియ్యి, నేను చెప్తా."

సుప్రియ మొదటి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ముసలమ్మ ముందు పట్టుకుంది. రెండు రింగులు. మూడు. నాలుగో రింగు మధ్యలో ఎవరో ఎత్తారు. గాలి, ఇంజను చప్పుడు, ఎవరో నవ్వడం.

"చెప్పండి మేడం" అన్నాడు అవతలివాడు కేకేస్తున్నట్టు. "ఈరోజు బాగా పడినాయి."

అది చిన్నపోలయ్య గొంతని తల్లి ముఖం చూస్తేనే తెలిసింది. ముసలమ్మ ఫోన్ మీదికి వంగింది.

"పోలయ్యా, ఆ ఫోన్ నీళ్ళలోకి ఇసిరెయ్ రా. అందర్నీ ఇసిరెయ్యమను. ఇప్పుడే."

"ఏందమ్మా? గాలికి ఇనపడలా. ఉండు, చెవి దగ్గర పెట్టుకుంటా."

ఏదో పగిలినట్టు చిన్న చప్పుడు వినిపించి లైను తెగిపోయింది. సుప్రియ మళ్ళీ అదే నంబరు నొక్కింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. అతను విసిరేశాడో, విసిరేలోపు ఏమైందో ఒడ్డున నిలబడ్డ మాకు తెలిసే దారి లేదు. ముసలమ్మ చీరకొంగుతో నోరు గట్టిగా మూసుకుని, రెండో నంబరు చెయ్యమని చేత్తో సైగ చేసింది.